పైలట్ నిద్రపోయే గది ఎవరి లెక్కలో ఉంది?

ఉదయం తొమ్మిది దాటింది. హోటల్లో మిగతావాళ్లంతా బ్రేక్‌ఫాస్ట్ ముగించుకుని బయటికి వెళ్తున్నారు. నాలుగో అంతస్తులో ఒకాయన మాత్రం అప్పుడే పడుకునే ప్రయత్నంలో ఉన్నాడు. రాత్రంతా విమానం నడిపి వచ్చిన పైలట్ ఆయన. కిటికీకి మందపాటి తెరలే ఉన్నాయి గానీ రెండిటి మధ్య జానెడు సందు. అందులోంచి ఎండ సరిగ్గా దిండు మీదే పడుతోంది. అల్మారాలోంచి ప్యాంట్లు తగిలించే హ్యాంగర్ తీసి, దాని క్లిప్పులతో తెరలు రెండిటినీ కలిపి బిగించాడు. తలుపు కింద వెలుతురు రాకుండా టవల్ కుక్కాడు. ఆ గదిలో అంతకుముందు దిగినవాళ్లు అలారం పెట్టి మరిచిపోయారేమోనని మంచం పక్కన గడియారం ప్లగ్గు పీకేశాడు. లేఓవర్లకు అలవాటుపడ్డ పైలట్లకు ఇదంతా చెయ్యి తిరిగిన పనే.

ఒక డ్యూటీ ముగిసి ఇంకోటి మొదలయ్యే దాకా, సొంత ఊరికి దూరంగా, కంపెనీ ఇచ్చిన హోటల్లో గడిపే సమయాన్ని లేఓవర్ అంటారు. బయటి నుంచి చూస్తే అది భోగంలా కనిపిస్తుంది. ఊరికే వచ్చే స్టార్ హోటల్, స్విమ్మింగ్ పూల్, మెత్తటి పరుపు. అందుకే హోటల్ బాగోలేదని పైలట్లు ఫిర్యాదు చేస్తే వినేవాళ్లకు గారాబంగా అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. ఇంజన్‌కూ చక్రాలకూ తనిఖీ ఉన్నట్టే, వాటిని నడిపే మనిషి నిద్రపోయే గదికీ తనిఖీ ఉండాలి. ప్రస్తుతం ఆ గది విమానయాన సంస్థ ఖర్చుల పద్దులో ఉంది గానీ భద్రత లెక్కలో సరిగా లేదు.

చట్టాలు దీన్ని అసలు పట్టించుకోలేదని కాదు. 2014 జనవరి 4 నుంచి అమలైన అమెరికా నిబంధనలు (పార్ట్ 117) డ్యూటీకి ముందు కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలనీ, అందులో 8 గంటలు ఆటంకం లేకుండా నిద్రపోయే అవకాశం ఉండాలనీ చెబుతున్నాయి. ‘తగిన వసతి’ అంటే ఉష్ణోగ్రత అదుపులో ఉండి, శబ్దం తగ్గించే ఏర్పాటు, వెలుతురును తగ్గించుకునే వీలు ఉన్న చోటు అని వాటిలో నిర్వచనం ఉంది. యూరప్ నిబంధనలైతే ప్రతి ఒక్కరికీ విడి గది, ప్రశాంతమైన పరిసరాలు, మంచం, తగినంత గాలి, ఉష్ణోగ్రతనూ వెలుతురునూ అదుపు చేసుకునే వీలు, తిండి, పానీయాలు అంటూ ఇంకొంచెం వివరంగా రాశాయి. చదవడానికి బాగానే ఉంది. కానీ గంటల దగ్గర అంత కచ్చితంగా ఉన్న నిబంధన గది దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోతుంది. శబ్దం ఎంతకు తగ్గాలి? ఆ నిర్వచనాల్లో డెసిబెల్ అంకె లేదు. అంకె దొరకదా అంటే దొరుకుతుంది. మామూలు జనం పడకగదిలో నిరంతర శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని, ఉండుండి వచ్చే చప్పుళ్లు 45 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. హోటల్ వరండాలో బరువైన తలుపు దభాలున మూసుకుంటే ఎంత మోగుతుందో ఒక్కసారి ఊహించుకోండి.

ఆ పది గంటలు కూడా కాగితం మీద కనిపించినంత పొడుగ్గా ఉండవు. విశ్రాంతి గడియారం నడుస్తుండగానే పికప్ వ్యాన్ కోసం నిలబడాలి, హోటల్‌కి చేరాలి, తాళం తీసుకోవాలి, ఏదో ఒకటి తిని స్నానం చేయాలి. లేచాక ఇదంతా మళ్లీ తిరగేసి చేయాలి. వ్యాన్ ఇరవై నిమిషాలు ఆలస్యమై, ఫ్రంట్ డెస్క్‌లో ‘గది ఇంకా రెడీ కాలేదు సార్, కాసేపు కూర్చోండి’ అన్నారంటే లాబీ సోఫాలో ఆవలిస్తూ గడిపే ఆ కాసేపూ నిద్రలోంచి పోయేదే. రాత్రి పూట దిగినవాళ్లకు కిచెన్ మూసేసి ఉంటే చిప్స్ ప్యాకెట్టే భోజనం. నిబంధన మాట్లాడేది నిద్రపోయే అవకాశం గురించి. నిద్ర పట్టిందా లేదా అన్నది దాని పరిధిలోకి రాదు.

పట్టడం అంత తేలిక కూడా కాదు. కొత్త చోట మొదటి రాత్రి సరిగా నిద్ర పట్టదని మనందరికీ తెలిసిందే. బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో దీనికో కారణం చూపించారు. కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో మెదడు ఎడమ సగం పూర్తిగా నిద్రపోదు, చప్పుళ్లకు కుడి సగం కన్నా ఎక్కువగా స్పందిస్తూ కాపలా కాస్తుంది. మనకు ఇది టూర్‌కి వెళ్లినప్పుడు ఒకటి రెండు రాత్రుల ముచ్చట. పైలట్‌కి నెలలో సగం రాత్రులు మొదటి రాత్రులే కావచ్చు. దానికి తోడు పగటి నిద్ర. శరీరం లేవమని చెప్పే వేళలో పడుకుని, పడుకోమని బలవంతపెట్టే తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య విమానం దింపాలి. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుతో సమానమని 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. తాగి విమానం ఎక్కితే ఉద్యోగం పోతుంది. నిద్ర లేకుండా ఎక్కితే పట్టుకునే పరికరం ఇంకా రాలేదు.

హోటల్ బాగోలేక కూలిన విమానం ఇదీ అని వేలెత్తి చూపించలేం. ఆ మాట ఒప్పుకోవాలి. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 కూలి 50 మంది చనిపోయారు. కెప్టెన్ అంతకుముందు రాత్రి గడిపింది హోటల్లో కూడా కాదు, నెవార్క్ విమానాశ్రయంలోని సిబ్బంది గదిలో. ఫస్ట్ ఆఫీసర్ సియాటిల్ నుంచి రాత్రంతా విమానాల్లో ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చారు. ప్రమాదానికి అసలు కారణం విమానం ఇచ్చిన హెచ్చరికకు కెప్టెన్ తప్పుడు స్పందనే అయినా, ఇద్దరూ అలసటతో ఉండే అవకాశం ఉందని దర్యాప్తు సంస్థ చెప్పింది. అందులో అలసట వాటా ఎంతో మాత్రం తేల్చలేకపోయింది. పైన చెప్పిన కొత్త నిబంధనలు రావడానికి ఈ ప్రమాదమే ఊతం. అవి అమలులోకి రావడానికి కొన్ని నెలల ముందు, 2013 ఆగస్టు 14న, యూపీఎస్ కార్గో విమానం 1354 తెల్లవారకముందే అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో దిగబోయి కూలింది. పైలట్లిద్దరూ చనిపోయారు. ఖాళీ సమయాన్ని ఫస్ట్ ఆఫీసర్ నిద్రకు సరిగా వాడుకోలేదని నివేదిక రాసింది. అది నిజమే కావచ్చు. విచిత్రం ఏమిటంటే కార్గో పైలట్లకు ఆ కొత్త నిబంధనలు తప్పనిసరి కానే కాదు. రాత్రిళ్లు ఎక్కువగా ఎగిరేది వాళ్లే.

ఇక గదులు కొనేది ఎవరు? పర్చేజ్ విభాగం. ఏడాది పొడుగునా రోజుకిన్ని గదులని టోకున మాట్లాడుకుంటారు, కాబట్టి రేటు తక్కువ. హోటల్ వైపు నుంచి ఆలోచిస్తే, తక్కువ రేటుకు వచ్చే ఖాయమైన గిరాకీకి ఏ గది ఇస్తారు? డబ్బు ఎక్కువ ఇచ్చేవాడు వద్దనేదే ఇస్తారు. లిఫ్ట్ పక్కది, ఫంక్షన్ హాల్ పైది, పక్క గదికి మధ్యలో తలుపున్నది. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు, వ్యాపారం. స్టార్లు చూసి మోసపోయేది కూడా ఇక్కడే. లాబీలో షాండ్లియర్, జిమ్, రెస్టారెంట్లకు స్టార్లు వస్తాయి. గోడ మందానికి రావు. తలుపు మెల్లగా మూసుకునే మామూలు హోటల్లో పట్టే నిద్ర, రాత్రి పెళ్లి రిసెప్షన్ జరిగే ఐదు నక్షత్రాల హోటల్లో పట్టదు. చాలా చోట్ల పైలట్ల యూనియన్లకు హోటల్ కమిటీలున్నాయి. చిన్న లేఓవర్‌కి ఎయిర్‌పోర్ట్ దగ్గర, పెద్ద లేఓవర్‌కి ఊళ్లో అని బేరమాడేది వాళ్లే.

నిద్ర ఒక్కటే చూసుకుంటే చాలదు కూడా. 2013 ఆగస్టులో బీరూట్‌లో విమానాశ్రయం నుంచి హోటల్‌కి వెళ్తున్న బస్సును ఆపి ఇద్దరు టర్కిష్ ఎయిర్‌లైన్స్ పైలట్లను ఎత్తుకుపోయారు, అక్టోబరు దాకా వదల్లేదు. 2018 జనవరిలో కాబూల్ ఇంటర్‌కాంటినెంటల్ మీద జరిగిన దాడిలో అక్కడ దిగిన విదేశీ విమాన సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి నగరాల్లో కమిటీ ముందు చూసేది గోడ మందం కాదు, గేటు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది బాధ్యత పంపకం. అమెరికాలో ప్రతి ప్రయాణికుల విమానానికీ ముందు ‘నేను డ్యూటీకి సరిపోయేలా ఉన్నాను’ అని పైలట్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఎనిమిది గంటల నిద్ర అవకాశం దొరకదని తెలిస్తే కంపెనీకి చెప్పాల్సిందీ ఆయనే. పదకొండింటికి పై అంతస్తులో డ్రిల్లింగ్ మొదలైందనుకోండి. ముందు ఫ్రంట్ డెస్క్‌కి ఫోన్ చేయాలి, గది మార్చమని బతిమాలాలి, సామాన్లు సర్దుకుని పైజామాలోనే ఇంకో అంతస్తుకు నడవాలి. అప్పటికీ నిద్ర పట్టకపోతే షెడ్యూలింగ్ వాళ్లకు ఫోన్ చేసి ‘నేను ఫెటీగ్’ (అలసటతో నడపలేను) అనాలి. ఆ ఫోన్ చేస్తే నూట ఎనభై మంది గేటు దగ్గర పడిగాపులు కాయాలన్న సంగతి ఆయనకు తెలుసు. ఆ టెన్షన్‌తో ఉన్న కాస్త నిద్రా పోతుంది. ఫోన్ చేశాడే అనుకోండి, అలసట పద్దు ఆయన ఉద్యోగి నంబరు మీద పడుతుంది. డ్రిల్లింగ్ చేయించిన హోటల్ ఎక్కడా సంతకం పెట్టదు.

అందుకే ఫెటీగ్ రిపోర్టులో గది నంబరు, నిద్ర చెడిన వేళ, కారణం రాసే గళ్లు తప్పనిసరిగా ఉండాలంటాను. అదే గది మూడుసార్లు వస్తే దాన్ని సిబ్బందికి ఇవ్వకూడదని కాంట్రాక్టులోనే రాసుకోవచ్చు. పగలు పడుకునేవాళ్ల జాబితా హౌస్‌కీపింగ్‌కి ముందే ఇవ్వడం, మరమ్మతుల తేదీలు ముందుగా చెప్పమనడం, వరండా తలుపులకు రబ్బరు పట్టీలు వేయించడం ఏమంత ఖర్చు కాదు.

ఇంకొకటి, తనిఖీకి వెళ్లే తీరు. హోటల్‌ని చూడ్డానికి సాయంత్రం నాలుగింటికి వెళ్తే సేల్స్ మేనేజర్ ఎదురొచ్చి కాఫీ ఇచ్చి, పై అంతస్తులో ముస్తాబు చేసిన గది చూపిస్తాడు. దానికి నమస్కారం పెట్టి, మూడో అంతస్తులో లిఫ్ట్ పక్క గది తాళం అడగాలి. కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టబోయే పర్చేజ్ ఆఫీసర్ ముందు రాత్రంతా మేలుకుని ఉండి, ఉదయం పదింటికి ఆ గదిలో పడుకోవాలి. తెరలు కలిపి పట్టడానికి హ్యాంగర్ కోసం వెతుక్కోవాల్సి వస్తే రేటు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.