జుట్టు పైకి లేస్తే గోత్, కిందికి జారితే ఎమో?

న్యూజెర్సీలో ఉండే మా అక్క మొన్న రాత్రి ఫోన్ చేసింది. పదిహేనేళ్ల కూతురు నెల రోజులుగా నల్లబట్టలు తప్ప వేసుకోవడం లేదట. గోళ్లకు నలుపు, పెదాలకు నలుపు, కళ్ల చుట్టూ రెండు వేళ్ల మందాన కాటుక. "ఎవర్ని అడిగినా గోత్ అంటున్నారే. దయ్యాల పూజలు చేస్తారటగా? తమను తామే గాయపరచుకుంటారని కూడా ఎక్కడో చదివాను" అంది, గొంతు పూడుకుపోతుంటే. ఫోన్ పిల్లకివ్వమన్నాను. "పిన్నీ, అమ్మ చదివింది ఎమోల గురించి. నేను గోత్. రెండూ కలిపేస్తే ఎలా?" కర్ణాటక సంగీతాన్ని సినిమా పాట అన్నవాణ్ణి పాత విద్వాంసులు చూసే చూపు ఒకటుంటుంది చూడండి, ఆ విసుగే ఉంది దాని గొంతులో.

నవ్వొచ్చింది గానీ, పిల్ల చెప్పింది నిజమే. రెండూ ఒక తరహా పాటల చుట్టూ అల్లుకున్న కుర్రకారు గుంపులే గానీ, రెండిటి పుట్టుకా వేరు, పెంపకమూ వేరు. నల్లరంగే వాటిని కలిపింది. అదీ చాలా ఆలస్యంగా.

గోత్ ఇంగ్లండ్ బిడ్డ. మోటుగా, తిరుగుబాటుగా వాయించే పంక్ సంగీతం ఊపు తగ్గుతున్న రోజుల్లో, 1979లో, నార్తాంప్టన్ కుర్రాళ్ల బౌహౌస్ బృందం తొమ్మిది నిమిషాలు దాటిన ఒక పాట విడుదల చేసింది. పాత సినిమాల్లో డ్రాకులా వేషం కట్టిన బేలా లుగోసీ చనిపోయాడన్నదే ఆ పాట పల్లవి. బేస్ గిటార్ ముందుకొచ్చి, గొంతు బావిలోంచి వస్తున్నట్టు వినిపించే ఆ బాణీయే తర్వాతివాళ్లకు దారి అయింది. సూక్సీ అండ్ ది బన్షీస్, ది క్యూర్, లీడ్స్ నుంచి సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బృందాలు వచ్చాయి. 1982లో లండన్ సోహోలో బ్యాట్‌కేవ్ అనే క్లబ్బు తెరుచుకుంది. గబ్బిలాల గుహ అన్నమాట. వేషం అక్కడ కుదురుకుంది. పేరు మాత్రం తిట్టే. 410లో రోము నగరాన్ని కొల్లగొట్టిన తెగవాళ్లు గోత్‌లు. తమకు నచ్చని మధ్యయుగపు కట్టడాలను "గోత్‌ల మోటు పని" అని ఇటలీ పండితులు ఈసడించారు. పద్దెనిమిదో శతాబ్దంలో పాడుబడ్డ కోటల భయానక నవలలకు అదే పేరు అంటుకుంది. అక్కణ్ణుంచి పాటలకు వచ్చింది.

ఎమో పుట్టింది అమెరికా రాజధానిలో. 1985 వేసవి నాటికి వాషింగ్టన్‌లో హార్డ్‌కోర్, అంటే పంక్‌ను ఇంకా వేగంగా, అరుస్తూ పాడే బాణీ, కచేరీలంటే పిడిగుద్దుల గొడవలుగా మారాయి. అది చూసి విసిగిపోయిన కొందరు కుర్రాళ్లు రైట్స్ ఆఫ్ స్ప్రింగ్, ఎంబ్రేస్ లాంటి బృందాలు కట్టి, అదే వేగంతో, అదే అరుపుతో, తమ లోపల ఏం విరిగిందో పాడారు. ప్రభుత్వాన్ని తిట్టే గొంతుతో స్నేహం పోయిన బాధ పాడటం అప్పటికి వింతే. ఎవరో దానికి ఎమోషనల్ హార్డ్‌కోర్ అన్నదాన్ని కుదించి ఎమోకోర్ అని పేరు పెడితే, ఎంబ్రేస్ గాయకుడు ఇయాన్ మెకాయ్ వేదిక మీదే ఆ మాటను ఎద్దేవా చేశాడు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ కుర్రాళ్లలో ఎవరి కంటికీ కాటుక లేదు. మామూలు టీషర్టు, మామూలు ప్యాంటు. మనం ఇప్పుడు ఎమో అనుకునే వేషం 2000 తర్వాత, అప్పటి సోషల్ మీడియా సైటు మైస్పేస్‌లో ఫొటోలు పెట్టుకునే కాలంలో వచ్చింది. దాన్ని ప్రపంచమంతా తిప్పిన మై కెమికల్ రొమాన్స్ బృందం 2001లో పుట్టింది మా అక్క ఉంటున్న న్యూజెర్సీలోనే. ఆ సంగతి అక్కకు చెప్పలేదు, ఇల్లు మారదామంటుందని.

వేషం సంగతి కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే తేడా అక్కడే చేతికి దొరుకుతుంది. పాతకాలపు గోత్ జుట్టు పైకి లేస్తుంది. వెనక్కి దువ్వి దువ్వి చిక్కు చేసి, డబ్బా హెయిర్‌స్ప్రే కొట్టి, కాకిగూడులా నిలబెడతారు. లేసులు, వెల్వెట్, వెండి నగలు, ఈజిప్టు బొమ్మల్లా చెవి వైపు సాగిన కంటి గీత. ఎమో జుట్టు కిందికి జారుతుంది. స్ట్రెయిట్‌నర్‌తో ఇస్త్రీ చేసినట్టు చదును చేసి ఒక కన్ను కప్పేస్తారు. కాళ్లకు అతుక్కుపోయిన ప్యాంటు, మేకుల బెల్టు, బృందం పేరున్న టీషర్టు, గళ్ల బూట్లు. ఒకరు ఆకారం పెంచుకుని కనబడతారు, ఇంకొకరు ఉన్న ముఖంలో సగం దాచుకుంటారు.

పాటల్లోనూ ఇదే వరస. గోత్ చావు గురించి పాడితే అది నాటకం. మన హరిశ్చంద్రలో కాటిసీను పద్యాలకు జనం వన్స్‌మోర్ కొట్టినట్టు, శ్మశానం అక్కడ రసం కోసం. పాడేవాడు చచ్చిపోదామనుకుంటున్నాడని ఎవరూ అనుకోరు, అనుకోకూడదు కూడా. గోత్‌లలో బోలెడంత హాస్యం ఉంటుంది, తమ మీద తామే వేసుకునే జోకులతో సహా. ఎమో మాత్రం డైరీ. "నేను", "నువ్వు", "ఆ రాత్రి" తప్ప అందులో రాజులూ కోటలూ ఉండవు. నిజం చెప్పాలంటే నాకు గోత్ పాటలే ఇష్టం. అయినా ఎమోను ఏడుపుగొట్టు వ్యవహారమని కొట్టిపారేసేవాళ్లను చూస్తే, గిరజాల జుట్టు పెంచి విరహం రాసిన భావకవులను ఆ రోజుల్లో మనవాళ్లు ఎంత ఆట పట్టించారో గుర్తొస్తుంది.

లోకం ఈ ఇద్దరినీ చూసిన తీరులోనూ అంత తేడా ఉంది. గోత్‌ను చూసి భయపడ్డారు. ఎమోను చూసి వెక్కిరించారు.

భయానికి పెద్ద ఊతం 1999 ఏప్రిల్ 20న దొరికింది. కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు 13 మందిని కాల్చి చంపి, తామూ కాల్చుకున్నారు. పొడుగు కోట్లు వేసుకున్నారని టీవీలు వాళ్లను గోత్‌లను చేసేశాయి. మార్లిన్ మాన్సన్ పాటలే కారణమన్నారు. ఆయన కచేరీలు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఆ ఇద్దరూ గోత్‌లు కారనీ, ఆయన అభిమానులు కూడా కారనీ తర్వాత తేలింది. ఈలోగా అమెరికా బడుల్లో నల్లకోటు వేసుకున్న ప్రతి పిల్లా అనుమానితురాలైంది.

నల్లబట్టల నుంచి హింస వస్తుందని జనం కాచుకుని కూర్చుంటే, హింస నల్లబట్టల మీదికి వచ్చింది. 2007 ఆగస్టులో ఇంగ్లండ్ లాంకషైర్‌లోని బేకప్ పార్కులో కుర్రాళ్ల గుంపు ఒక గోత్ యువకుడి మీద పడి కొట్టింది. అతని తల ఒళ్లో పెట్టుకుని, కొట్టొద్దని వేడుకున్న ప్రియురాలు సోఫీ లాంకాస్టర్‌నూ తన్నింది. అతను బతికాడు. ఇరవై ఏళ్ల సోఫీ దాదాపు రెండు వారాల తర్వాత కన్నుమూసింది. వాళ్ల మీద కోపానికి కారణం వేషం తప్ప మరొకటి లేదు. ఆమె తల్లి ఫౌండేషన్ పెట్టి ఏళ్ల తరబడి తిరిగాక, 2013లో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇలాంటి వర్గాల మీద దాడులను విద్వేష నేరాలుగా నమోదు చేయడం మొదలుపెట్టారు.

వెక్కిరింపు మెత్తటిదని అనుకుంటాం. ఎమోల విషయంలో అది మెత్తగా ఆగలేదు. 2008 మార్చిలో మెక్సికోలోని కెరెతారో నగరంలో వందల మంది కుర్రాళ్లు చౌరస్తాలో గుమిగూడి ఎమో పిల్లలను వెంటాడి కొట్టారు. తర్వాత గొడవ రాజధానికీ పాకింది. కొట్టినవాళ్లలో పంక్ సంగీతం బాపతు కుర్రాళ్లూ ఉన్నారు. మా వేషం దొంగిలించారన్నది ఒక ఆరోపణ. ఆడంగి వెధవలన్నది అసలు తిట్టు. అదే ఏడాది రష్యా పార్లమెంటులో బడులూ ప్రభుత్వ భవనాల్లో ఎమో, గోత్ వేషాలను నిషేధించాలన్న ప్రతిపాదన చర్చకొచ్చింది. 2012లో ఇరాక్ అంతర్గత వ్యవహారాల శాఖ ఎమోలు సాతాను బాపతని ప్రకటించాక, బాగ్దాద్‌లో ఆ వేషంలో ఉన్న కుర్రాళ్లనూ, స్వలింగ సంపర్కులనుకున్నవాళ్లనూ వెతికి చంపారు. మగపిల్లాడు జుట్టు కళ్ల మీద వేసుకుని ఏడుపు పాట పాడితే ఇంత కోపం ఎందుకు? నలుపు వల్ల కాదు. ఏడవడం వల్ల. మగాడు ఏడవకూడదన్న చట్టాన్ని పదహారేళ్ల కుర్రాడు బహిరంగంగా తప్పాడని. గోత్‌లలోనూ మగవాళ్లు పెదాలకు రంగు వేసుకుంటారు, గౌన్లు కూడా వేసుకుంటారు. అయితే అక్కడ అది వేషం అని చూసేవాడు సరిపెట్టుకుంటాడు. ఎమో దగ్గర ఆ సర్దుబాటు కుదరదు, అతను నిజంగానే ఏడుస్తున్నానంటాడు కాబట్టి.

అక్క భయం సంగతికొస్తే, అది గాలిలోంచి పుట్టింది కాదు. గ్లాస్గో ప్రాంతంలో 1,258 మంది పిల్లల మీద చేసి 2006లో అచ్చయిన అధ్యయనంలో, గోత్‌లమని చెప్పుకున్నవాళ్లలో తమను తాము గాయపరచుకోవడం ఎక్కువ కనిపించింది. అంటే ఎమోల మీద మోపే మాట గోత్‌లకూ తగులుతుంది, పిల్ల ఎంత విసుక్కున్నా. కాకపోతే ఆ అధ్యయనంలో గోత్‌ల సంఖ్య బాగా తక్కువ. బ్రిస్టల్ ప్రాంతంలో 3,694 మంది మీద చేసిన 2015 నాటి అధ్యయనం, పదిహేనేళ్లకు గట్టి గోత్‌లైనవాళ్లలో పద్దెనిమిదికి కుంగుబాటు మిగతావాళ్లకంటే మూడు రెట్లు ఉందని చూపింది. నల్లబట్టలే కుంగుబాటు తెచ్చాయని మాత్రం ఆ పరిశోధకులు అనలేదు. అప్పటికే బడిలో ఒంటరైన పిల్లలు తమలాంటివాళ్లు దొరికే చోటికి చేరుతుండవచ్చు. అందుకే అక్కతో ఒక్కటే అన్నాను: బట్టల గురించి అడక్కు, మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటోందో అడుగు. రంగు మారినందుకు కాదు, నిద్రా తిండీ మారితే నాకు ఫోన్ చెయ్.

ఇక అసలు గోత్ ఎవరు, నకిలీ ఎవరు అన్న లోపలి తగువుకు అంతం లేదు. తమాషా ఏమిటంటే ఇరువైపులా పెద్దలే పేరు వద్దన్నారు. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ గాయకుడు ఆండ్రూ ఎల్డ్రిచ్ తాము గోత్ బృందమని ఏనాడూ ఒప్పుకోలేదు. మై కెమికల్ రొమాన్స్ గాయకుడు జెరార్డ్ వే ఎమో అన్న మాటనే చెత్త అన్నాడు. వయసుతో పోతుందనుకున్నవాళ్లూ పొరబడ్డారు. డ్రాకులా నవల కొంత నడిచిన ఇంగ్లండ్‌లోని విట్‌బీ రేవు ఊళ్లో 1994 నుంచి జరిగే గోత్ జాతరకు నెరిసిన జుట్టువాళ్లు టోపీలూ గొడుగులతో వస్తారు. 2022లో లాస్ వేగాస్‌లో ఎమో పాటల పండగ పెడితే, ఒకప్పటి పిల్లలు ముప్పై దాటాక టికెట్లు కొని వెళ్లారు.

ఆదివారం వీడియో కాల్‌లో అమ్మను కూడా కలిపాం. పిల్ల కావాలనే కెమెరాకు దగ్గరగా జరిగింది, అమ్మమ్మ అదిరిపోతుందని. అమ్మ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"కాటుక బాగానే పెట్టిందే. ఆ తలకే ఇంత నూనె రాయమను, పిచ్చుకగూడులా ఉంది" అంది.