పాడటం రాదు, అయినా తప్పు చెబుతా

ఒక పనిని విమర్శించాలంటే ముందు ఆ పని మనకు చేతనవ్వాలి అనేవాళ్లతో నాకు అస్సలు పడదు, ముందే చెప్పేస్తున్నా. ఇది చాలా ఏళ్లుగా లోపల నలుగుతున్న విషయం. మొన్న చెన్నైలో డిసెంబర్ కచేరీల మార్గళి సీజన్‌లో, మైలాపూర్‌లో ఒక సంగీత సభ క్యాంటీన్‌లో జరిగిన గొడవతో ఇక ఆగలేక రాస్తున్నా.

గొడవేంటంటే, ఆ సాయంత్రం పాడినావిడది మంచి గొంతు, శ్రుతి పక్కకు పోదు, ఆభేరి రాగం ఆలాపన అయితే ఏడిపించింది. తర్వాత అదే రాగంలో త్యాగయ్య కీర్తన 'నగుమోము గనలేని' ఎత్తుకుంది. చరణంలో 'ఖగరాజు నీ యానతి విని వేగ చనలేడో, గగనానికిలకు బహు దూరంబనినాడో' అని వస్తుంది కదా. గరుత్మంతుడు నీ ఆజ్ఞ విని వేగంగా రాలేదా, గగనానికీ ఇలకూ, అంటే ఆకాశానికీ భూమికీ, చాలా దూరం అన్నాడా అని త్యాగయ్య నిష్ఠూరం. ఆవిడ 'గగనాని' దగ్గర ఆగి, తీరిగ్గా ఊపిరి తీసుకుని, 'కిలకు బహుదూరం' అని పైస్థాయికి వెళ్లింది. ఒకసారి కాదు, సంగతి మార్చి ఆ వాక్యాన్నే కొత్త పోకడతో పాడినప్పుడల్లా అదే విరుపు. కిలకు ఏమిటండీ? ఎవరా కిల? రాముడి మీద అంత బెంగతో రాసిన వాక్యంలో భూమి కాస్తా మాయమైపోయింది, హాల్లో మాత్రం చప్పట్లే చప్పట్లు.

క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ ఈ మాటే అన్నాను. మా ఆవిడ తరఫు పెద్దాయన ఒకరు పక్కనే ఉన్నారు, నెల్లూరు నుంచి వచ్చి మాంబళంలో స్థిరపడిన మనిషి, మనవరాలు సంగీతం నేర్చుకుంటోంది. ఆయన టిఫిన్ ప్లేటు పక్కన పెట్టి మరీ అందుకున్నారు. "ఏం నాయనా, నీకు షడ్జం పట్టడం వచ్చా? ఆ చరణం ఒక్కసారి పాడి చూపించు, తర్వాత మాట్లాడుదువు గానీ." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "నాకు రాదు మావయ్యగారూ, బాత్రూంలో కూడా పాడను" అన్నాను. "మరి ఊరుకో" అన్నారు.

ఎందుకు ఊరుకోవాలి? 'కిలకు' అనేది మాట కాదని తెలియడానికి గొంతు దేనికి? తెలుగు వస్తే చాలు. ఆవిడ ఏళ్ల తరబడి చేసిన సాధనకు చేతులెత్తి దండం పెడతాను, కానీ ఆ ఒక్క వాక్యం విషయంలో ఆవిడకు తెలియనిది నాకు తెలుసు. ఇందులో అహంకారం ఏమీ లేదు, నేను తెలుగింట్లో పుట్టడం అంతే. ఇప్పుడు నేను ఆభేరిలో గాంధార స్వరం సరిగ్గా పలకలేదు అన్నాననుకోండి, అప్పుడు నన్ను నిలదీయండి. అప్పుడైనా నిలదీయాల్సింది నా చెవిని, గొంతును కాదు. సభల్లో ముందు వరసల్లో కూర్చుని తొడ మీద తాళం వేసే మామలను చూడండి. వాళ్లలో చాలామంది ఒక్క వర్ణం కూడా పాడలేరు. కానీ మృదంగం అర అక్షరం జారిందంటే తల పైకెత్తుతారు. చెన్నైలో విద్వాంసులు భయపడేది ఆ తలలకే. పాడటం వచ్చినవాళ్లే వినాలంటే డిసెంబర్‌లో ఈ ఊళ్లో సగం హాళ్లకు తాళం వేసుకోవాలి.

ఇక్కడ అందరూ 'కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికి వంటవాడై ఉండాలా' అనే పోలిక తెస్తారు. నాకది విసుగు. అందులో నాలుక తప్ప పనేం లేదు, విమర్శలో చాలా పనుంది. నాకు నచ్చే ఉదాహరణ క్రికెట్‌లోది.

2019 ప్రపంచ కప్ అప్పుడు మాజీ ఆటగాడు, కామెంటేటర్ సంజయ్ మంజ్రేకర్ జడేజాను అదో కొంచెం ఇదో కొంచెం చేసే ఆటగాడు అన్నట్టు తేల్చేశాడు గుర్తుందా? జడేజా ఊరుకోలేదు. నువ్వు ఆడినదానికి రెట్టింపు మ్యాచ్‌లు ఆడాను, ఇంకా ఆడుతున్నాను, సాధించినవాళ్లను గౌరవించడం నేర్చుకో అని ట్విట్టర్‌లో గట్టిగా ఇచ్చాడు. అప్పట్లో మన చెన్నై జట్టు ముద్దుబిడ్డ కదా, ఇక్కడి ఆఫీసుల్లో అదో పండగ. సరే. అదే ఏడాది నవంబర్‌లో కోల్‌కతాలో పింక్ బాల్ టెస్ట్. బంతి ఆటగాళ్లకు సరిగ్గా కనపడుతోందా లేదా వాళ్లనే అడగాలి అని, టీమిండియాకు ఎప్పుడూ ఆడని కామెంటేటర్ హర్షా భోగ్లే అంటే, ఇదే మంజ్రేకర్ కామెంటరీలో అందరూ వింటుండగా, అది నువ్వు అడగాలి, ఆడినవాళ్లం మాకు తెలుస్తుంది అన్న అర్థంలో మాట్లాడాడు. నాలుగు నెలల కిందట తన నెత్తిన పడిన రాయినే తీసి మన హైదరాబాదీ హర్షా మీద వేశాడు! తర్వాత తప్పయిందని ఆయనే ఒప్పుకున్నాడు, అది వేరే సంగతి.

ఈ కొలతతో వచ్చే చిక్కే ఇది. ఆడనివాడికి అర్హత లేదు. ఆడినవాడు తక్కువ ఆడాడు. ఎక్కువ ఆడినవాడు మాట్లాడితే 'కుళ్లు, కుర్రాళ్లు పైకొస్తుంటే ఓర్వలేడు' అంటాం. ఇలా పోతే చివరికి మాట్లాడే హక్కు బ్రాడ్‌మన్ ఒక్కడికే మిగులుతుంది, ఆయనేమో లేడు. 'చేసి చూపించు' అనేవాడికి మీ అర్హతతో నిజంగా పనేమీ లేదు. మీ నోరు మూయించడమే పని.

అర్హత ఉన్నవాళ్లకైనా ఏం ఒరిగింది చెప్పండి. సంగీత విమర్శకుడు సుబ్బుడు హార్మోనియం వాయించగలిగిన మనిషి, అయినా ఆయన రివ్యూ వచ్చిన మర్నాడు విద్వాంసులు తిట్టుకోకుండా ఉన్నారా? మన కట్టమంచి రామలింగారెడ్డి ఈ మద్రాసులోనే క్రిస్టియన్ కాలేజీలో చదువుకునే రోజుల్లో 'ముసలమ్మ మరణము' అనే కావ్యం రాశాడు. తర్వాత 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వేసి పింగళి సూరనను పట్టుకుని పద్యం పద్యం విప్పి చూపించాడు. సూరన కళాపూర్ణోదయం మీద ఆయన చెప్పింది ఒప్పో తప్పో తేల్చుకోవడానికి ఎవరైనా ముసలమ్మ మరణం తీసి చదువుతారా? సూరనను తీసి చదువుతారు. చదవాలి కూడా.

అసలు ఈ తగువు మనవాళ్లు వెయ్యేళ్ల కిందటే తీర్చేశారు. సంస్కృత అలంకారికుడు రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను రెండు రకాలు చేశాడు. రాసేవాడికి కారయిత్రి, చదివి గ్రహించేవాడికి భావయిత్రి. రెండూ ప్రతిభే. అక్కడితో ఆగకుండా విమర్శకులను నాలుగు జాతులు చేసి కూర్చోబెట్టాడు. దేనికీ రుచి పుట్టని అరోచకి, గడ్డితో సహా అన్నీ మేసేసే సతృణాభ్యవహారి, ఏడుపుగొట్టు మత్సరి, అసలు విషయం పట్టుకునే తత్త్వాభినివేశి. ఆ చివరివాడు వేలల్లో ఒకడు దొరుకుతాడట. మన తెలుగు సినిమా రివ్యూల్లో 2.75 రేటింగుకీ 3కీ మధ్య ఆ పావు ఎక్కణ్ణుంచి వస్తుందో రాజశేఖరుణ్ణి అడిగితే ఠక్కున చెప్పేవాడు. గడ్డి నుంచి.

అందుకే నిర్మాతల బాధ నాకు అర్థం కాక కాదు. 2024లో తమిళ నిర్మాతలు విడుదలైన మొదటి మూడు రోజులు రివ్యూలు రాకుండా చూడమని మద్రాస్ హైకోర్టు దాకా వెళ్లారు. కోర్టు రివ్యూలను ఆపడానికి ఒప్పుకోలేదు, మంచి పని చేసింది. డబ్బు తీసుకుని తిట్టేవాళ్లు లేరా? ఉన్నారు, వాళ్ల సంగతి చట్టం చూసుకుంటుంది. టికెట్ కొనుక్కుని వచ్చి సెకండాఫ్‌లో నిద్రపోయినవాడికి ఆ మాట చెప్పడానికి డైరెక్షన్ కోర్సు చేసి ఉండాలంటే మాత్రం కుదరదు.

ఒక్కచోట మాత్రం నేను అవతలి పక్షానికి ఓటేస్తా. 'ఇది తెగింది' అని చెప్పడం ఒక పని, 'ఇలా కుట్టాలి' అని చెప్పడం ఇంకో పని. ఇంటర్వెల్ సీను ఇలా రాసుండాల్సింది, ఈ షాట్ అలా పెట్టుండాల్సింది అని పాఠం మొదలుపెట్టేవాడికి చేతిలో పని ఉండాలి. ఆ క్యాంటీన్‌లో నేను 'ఆవిడ అక్కడ ఊపిరి ఇలా దాచుకోవాలి' అని సలహా ఇచ్చి ఉంటే మావయ్యగారి ప్రశ్న నూటికి నూరుపాళ్లు న్యాయం. నేనివ్వలేదు.

కాబట్టి రివ్యూ రాసేవాణ్ణి నిలదీయాలని ఉంటే శుభ్రంగా నిలదీయండి, ప్రశ్న మార్చుకోండి చాలు. కచేరీ మొత్తం విన్నావా, మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం మొదలవగానే అందరితో పాటు లేచి క్యాంటీన్‌కి వెళ్లిపోయావా? ఇదే కీర్తన ఇంకెవరు పాడగా విన్నావు? సాహిత్యం ఒక్కసారైనా చదివావా? ముందు వరసలో కూర్చున్నావు సరే, ఆ పాస్ నీకు ఎవరిచ్చారు?