చావాల్సిన కణం చావకపోతే

శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ తాగే ముసలమ్మను నోరు తెరవమని అడిగి, టార్చి వేసి చూడండి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి పీల్చిన అంగిలి తెల్లబారి, దళసరెక్కి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలతో కనిపిస్తుంది. ఈ మచ్చ నోటి క్యాన్సర్‌గా మారవచ్చు. కానీ నొప్పి ఉండదు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పదు.

డీఎన్ఏ బాగుచేయలేనంతగా దెబ్బతిన్న కణం మామూలుగా తనను తానే చంపుకుంటుంది. ఆ పని క్యాస్పేజ్ అనే ఎంజైములది. 8, 9 నంబర్లవి మొదలుపెడితే, 3, 7 నంబర్లవి కణంలోని ప్రొటీన్లను కత్తిరించి పని పూర్తిచేస్తాయి. ఈ చావుకు జన్యువుల్లోనే ఏర్పాటు ఉందని ఒక చిన్న పురుగులో కనిపెట్టినందుకు 2002లో నోబెల్ ఇచ్చారు.

2013లో నవీ ముంబైలోని క్యాన్సర్ పరిశోధన కేంద్రం యాక్ట్రెక్, పశ్చిమ బెంగాల్ కల్యాణిలోని జన్యు పరిశోధన సంస్థ ఎన్‌ఐబీఎంజీ శాస్త్రవేత్తలు మనవాళ్ల చిగుళ్లు, బుగ్గల క్యాన్సర్లను పరిశీలించారు. తరచుగా పాడైన జన్యువుల్లో క్యాస్పేజ్-8ది ఒకటని తేలింది. ఇది చిన్న విషయం కాదు. రోగనిరోధక కణాలు బయటి నుంచి పంపే చావు కబురును లోపలికి చేరవేసేది ఆ ఎంజైమే. అది పాడైందంటే కబురు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, కణం పెరుగుతూ పోతుంది. రేడియేషన్, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు కూడా కొంతవరకు క్యాస్పేజ్‌ల మీద ఆధారపడే కణాన్ని చంపుతాయి. ముదిరిన నోటి క్యాన్సర్ అంత మొండిగా ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

మరి ఆ ఎంజైములను మందుతో మళ్లీ పనిచేయించలేమా? క్యాస్పేజ్‌లను అదిమిపెట్టే ప్రొటీన్లను అడ్డుకునే జెవినపాంట్ అనే మందు మీద డాక్టర్లు చాలా ఆశ పెట్టుకున్నారు. తల, మెడ క్యాన్సర్ రోగులపై జరిగిన పెద్ద ట్రయల్‌లో ఫలితం కనిపించక 2024లో దాన్ని ఆపేశారు. పరిశోధన సాగాల్సిందే. కానీ మందు వచ్చేదాకా మచ్చ ఆగదు కదా!

తిరువనంతపురం దగ్గర శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. పొగాకు గానీ మద్యం గానీ అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ఫలితాలు వచ్చాయి. 30 ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష మన జాతీయ కార్యక్రమంలోనూ ఉంది. అయితే పొగ తాగుతారా అని అడిగి, ఫారంలో టిక్కు పెట్టుకుంటే అది పరీక్ష కాదు. ఆ ముసలమ్మను వెలుగున్న చోట కూర్చోబెట్టాలి, కట్టుడు పళ్లుంటే తీయించాలి, తల బాగా వెనక్కి వంచమనాలి. అప్పుడు గానీ అంగిలి కనపడదు.