చార్లీ చాన్‌కి దొరకని చైనీయుడు

ఈ మధ్య నిద్ర పట్టని రాత్రుళ్లు పాత చార్లీ చాన్ సినిమాలు ఒకదాని వెనక ఒకటి చూశాను. బ్లాక్ అండ్ వైట్. చాలావరకు గంటంపావులోపే అయిపోతాయి. హత్య జరుగుతుంది, లైట్లు ఆరిపోతాయి, కర్టెన్ వెనక నుంచి ఒక చెయ్యి వస్తుంది, చివర్లో అనుమానితులందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి హంతకుణ్ణి పట్టిస్తారు. నాకు ఫిర్యాదేమీ లేదు. కానీ అన్ని కేసులూ తేలిపోయాక ఒక్కటి మాత్రం తేలకుండా ఉండిపోయింది. పోలీసులు పట్టించుకునేలా లేరు కాబట్టి ప్రజాప్రయోజనం దృష్ట్యా నేనే చేపట్టాను.

కేసు వివరాలు ఇవి. చార్లీ చాన్ హొనొలులు పోలీసు శాఖలో చైనా డిటెక్టివ్. అమెరికా రచయిత ఎర్ల్ డెర్ బిగ్గర్స్ 1925లో అతణ్ణి నవలలోకి తెచ్చాడు. 1931 నుంచి 1949 దాకా హాలీవుడ్ అతని మీద 44 సినిమాలు తీసింది. తప్పిపోయినది: ఆ వేషం కట్టడానికి ఒక చైనీయుడు.

మొదట వార్నర్ ఓలండ్, 16 సినిమాలు. పుట్టింది స్వీడన్‌లో. 1938లో ఆయన పోయాక సిడ్నీ టోలర్, 22 సినిమాలు. మిస్సోరీ మనిషి. 1947లో ఆయనా పోయాక రోలండ్ వింటర్స్, 6 సినిమాలు. సొంతూరు బోస్టన్. వారసుడు కావలసి వచ్చిన ప్రతిసారీ వెతుకులాట జరిగింది, ప్రతిసారీ చైనాకి ఎదురు దిక్కులో. మూకీల రోజుల్లో, 1926, 1927ల్లో, ఇద్దరు జపాన్ నటులు వేశారు. అప్పటికి దర్యాప్తు చైనా పొలిమేరల దాకా వెళ్లిందన్నమాట. టాకీల్లో సిరీస్ మొదలవగానే రైలు మారి స్వీడన్‌లో దిగింది.

స్టూడియో తరఫున ఎవరైనా వస్తే చెప్పే మాట నాకు తెలుసు: బడ్జెట్ లేదండీ. నిజమే. ఫాక్స్ కంపెనీ 1942లో సిరీస్‌ని వదిలేశాక టోలర్ హక్కులు సంపాదించి మోనోగ్రామ్ అనే చిన్న కంపెనీకి తీసుకుపోయాడు. అక్కడ డబ్బుకి ఎంత కటకటంటే, చీకటి కూడా నటుడిగా పని చేసింది. గోడ లేనిచోట నీడ వేస్తారు, వీధి లేనిచోట పొగమంచు వదులుతారు. సస్పెన్స్ అనుకుని మనం వణికిన సన్నివేశాల్లో సగం కరెంటు పొదుపు పథకాలని నా అనుమానం.

కానీ బడ్జెట్ వాదన నిలబడదు. చైనా నటుడు ఫాక్స్ రోజుల్లోనే జీతాల రిజిస్టర్‌లో ఉన్నాడు. పేరు కీ లూక్. చైనాలోని గ్వాంగ్‌జౌలో పుట్టాడు, సియాటిల్‌లో పెరిగాడు. 1935 నుంచి చార్లీ చాన్ పెద్దకొడుకు వేషం ఆయనదే. సెట్లో రోజూ ఎదురుగా నిలబడి "నాన్నా" అని పిలిచేవాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కాకపోతే వీళ్లు ఊరు కూడా వెతకలేదు.

ఆ ఇంట్లో భాష సంగతి ఇంకా చిత్రం. చైనాలో పుట్టిన కొడుకు ఏ తడబాటూ లేకుండా అమెరికా కుర్రాడిలా గలగలా ఇంగ్లీషు మాట్లాడతాడు. స్వీడన్‌లో పుట్టిన తండ్రి మాత్రం ముక్కలు ముక్కలుగా, మధ్యమధ్య సామెతలు కలిపి మాట్లాడతాడు, చైనావాళ్లు అలా మాట్లాడతారని. ముంబయి నుంచి దిగిన హీరోయిన్ "బావా" అని పెదాలు కదిపితే గోదావరి పిల్లేనని నమ్మేసిన జాతి మనది, కాబట్టి నవ్వే హక్కు మనకి కొంచెం తక్కువే.

సాక్షులు లేరా అంటే ఉన్నారు. హొనొలులులో చాంగ్ అపానా అనే నిజమైన చైనా డిటెక్టివ్ ఉండేవాడు. సన్నటి మనిషి, కొరడా పట్టుకుని తిరిగేవాడు. చార్లీ చాన్ పాత్రకి మూలం ఈయనేనని అంటారు. 1931లో యూనిట్ షూటింగ్ కోసం ఆ ఊరు వెళ్లినప్పుడు అసలు మనిషీ స్వీడన్ మనిషీ పక్కపక్కన నిలబడి ఫొటో కూడా దిగారు. అంతమంది డిటెక్టివ్ సినిమా వాళ్లున్న చోట ఒక్కరికీ అనుమానం రాలేదు!

1938లో నేరం దాదాపు బయటపడబోయింది. బాక్సింగ్ నేపథ్యంలో ఒక సినిమా షూటింగ్ మొదలయ్యాక ఓలండ్ సెట్ వదిలి వెళ్లిపోయాడు. తండ్రి లేడు, కొడుకు రెడీగా ఉన్నాడు. ఏం చేశారు? కథని మిస్టర్ మోటో అనే జపాన్ డిటెక్టివ్ సిరీస్‌లోకి మార్చేశారు. మోటోగా వేసింది పీటర్ లోరీ, పుట్టింది ఆస్ట్రియా-హంగరీలో. కొడుకు ఆ సినిమాలో కూడా ఉన్నాడు, ఈసారి మోటో దగ్గర విద్యార్థిగా. స్వీడన్ చైనీయుడు పోతే హంగరీ జపనీయుడు వచ్చాడు గానీ చైనా చైనీయుడికి ప్రమోషన్ రాలేదు. ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఈ పద్ధతి అర్థమవుతుంది.

చైనావాళ్లు మండిపడి ఉంటారనుకుని అటు వైపు కూడా దర్యాప్తు చేశాను. 1936లో ఓలండ్ షాంఘై వెళ్తే బ్రహ్మరథం పట్టారు. పైగా అక్కడివాళ్లు సొంతంగా చార్లీ చాన్ సినిమాలు తీసుకున్నారు. వాటిలో చైనా నటుడు షూ షిన్‌యువాన్ ఎలా వేశాడంటారు? అచ్చం ఓలండ్‌లా. చైనీయుణ్ణి అనుకరించే స్వీడన్‌వాణ్ణి అనుకరించే చైనీయుడు. ఇక్కడికి వచ్చేసరికి నా నోట్‌బుక్‌ మూసేసి ఒక టీ తాగాను.

చివరి సాక్ష్యం వయసు ధ్రువపత్రాలు. సిరీస్ ముగింపులో, 1948, 49ల్లో, పెద్దకొడుకు మళ్లీ వచ్చాడు. అప్పుడు తండ్రి రోలండ్ వింటర్స్, 1904 నవంబరులో పుట్టాడు. కొడుకు కీ లూక్, 1904 జూన్. తండ్రి కంటే కొడుకు ఐదు నెలలు పెద్ద. అయినా "నాన్నా" అంటూనే ఉన్నాడు పాపం, అదీ క్రమశిక్షణ. హీరో కంటే చిన్నావిడకి జుట్టుకి తెల్లరంగేసి తల్లిని చేసే మనకి ఇది కొత్త కాదనుకోండి.

మొత్తానికి కీ లూక్‌కి చార్లీ చాన్ వేషం దక్కింది. 1972లో, ఆయనకి 68వ ఏట, పిల్లల కార్టూన్ సీరియల్‌లో. బొమ్మ తెర మీద, ఆయన మైకు ముందు. గొంతు మాత్రమే కావాలన్నారు. మన తెలుగమ్మాయిలకి దొరికే ఉద్యోగమే.

1981లో మళ్లీ ముఖం కనిపించే సినిమా తీశారు. చార్లీ చాన్‌గా పీటర్ ఉస్టినోవ్. పుట్టింది లండన్‌లో.