నడిచే ఎద్దుకే పోట్లు

2025 ఆగస్టు 4, సోమవారం సాయంత్రం నాలుగు దాటిన వేళ. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఓ చాయ్ బండి. చక్కెర డబ్బాకు ఆనించిన ఒక్క సెల్‌ఫోన్ చుట్టూ పదిహేను తలకాయలు. గిన్నెలో చాయ్ పొంగి పొయ్యి మీద పడుతున్నా బండి ఆయన చూపు తిప్పలేదు. లండన్ ఓవల్ టెస్టులో సిరాజ్ యార్కర్‌కు ఇంగ్లండ్ చివరి బ్యాటర్ అట్కిన్సన్ వికెట్లు చెదిరాయి. లేచిన కేకకు రోడ్డు మీద పోయే ఆటోలు ఆగాయి. 374 పరుగుల లక్ష్యానికి ఇంగ్లండ్ 367 దగ్గర ఆగిపోయింది. ఆరు పరుగుల తేడా! మన టెస్టు చరిత్రలో ఇంత తక్కువ పరుగులతో గట్టెక్కిన మ్యాచ్ మరొకటి లేదు. ఐదు టెస్టుల సిరీస్ 2-2తో సమమైంది.

ఈ సంతోషంలో మాకూ వాటా ఉంది. అయినా అడగాల్సింది ఇవాళే అడగాలి. నాలుగు రోజులు పోతే సన్మానాలు, శాలువాల కింద అది కప్పబడిపోతుంది. భారత క్రికెట్ బోర్డు పెద్దలు ఈ మధ్య నోరు తెరిస్తే వినిపిస్తున్న మాట పనిభారం, అది ఎక్కువై బౌలర్ ఒళ్లు దెబ్బతినకుండా విశ్రాంతి ఇవ్వాలని. ఎవరి పనిభారం? ఏ ఆటలో పనిభారం? ఆ లెక్క రాస్తున్నదెవరు?

ఐదు టెస్టుల్లో మహ్మద్ సిరాజ్ 185.3 ఓవర్లు వేశాడు. బంతుల్లో చెప్పాలంటే 1,113. తీసిన వికెట్లు 23, రెండు జట్లలోనూ అందరికంటే ఎక్కువ. లార్డ్స్‌లో జడేజాకు తోడుగా 30 బంతులు కాచుకుని, చివరికి డిఫెన్స్ ఆడిన బంతే వెనక్కి దొర్లి వికెట్లకు తగిలితే పిచ్ మీదే కూలబడ్డాడు. ఆ మ్యాచ్ 22 పరుగుల తేడాతో పోయింది. ఓవల్‌లో నాలుగో రోజు, 19 పరుగుల మీదున్న హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని బౌండరీ దగ్గర పట్టి కూడా కాలు తాడు మీద వేశాడు. అలా బతికిపోయిన బ్రూక్ 111 కొట్టాడు. ఆ తప్పు నెత్తిన పెట్టుకుని రాత్రంతా గడిపిన మనిషి తెల్లారి మళ్లీ బంతి అందుకున్నాడు. మిగిలిన నాలుగు వికెట్లలో మూడు తనే తీశాడు. ఆ ఒక్క మ్యాచ్‌లోనే అతను వేసినవి 46 ఓవర్లకు పైనే.

మన ప్రధాన పేసర్ జస్‌ప్రీత్ బుమ్రా ఆడింది మూడు టెస్టులు. 119.4 ఓవర్లు, 14 వికెట్లు. అతను ఐదూ ఆడడని జట్టును ప్రకటించిన మే 24నే చీఫ్ సెలెక్టర్ అజిత్ అగార్కర్ చెప్పేశారు. లీడ్స్ టెస్టు జూన్ 24న ముగిసింది, ఎడ్జ్‌బాస్టన్ టెస్టు జూలై 2న మొదలైంది. మధ్యలో వారం రోజుల విరామం ఉన్నా, 0-1తో వెనకబడి ఉన్నా, ముందే గీసుకున్న గీత ప్రకారం అతణ్ణి కూర్చోబెట్టారు. ఓవల్‌లోనూ అంతే.

బుమ్రా వెన్నుకు 2023లో శస్త్రచికిత్స జరిగింది, ఈ జనవరిలో సిడ్నీ టెస్టు మధ్యలోనే మళ్లీ ఇబ్బంది వచ్చింది, కాబట్టి అలాంటి అరుదైన బౌలర్‌ను జాగ్రత్తగా వాడుకోవాలన్న వాదనలో న్యాయం ఉంది. విరిగిన ఒంటితో ఆడమని మేం ఎవరినీ అడగం. బుమ్రాను వేలెత్తి చూపడం మా ఉద్దేశమూ కాదు.

అయితే ఆ వెన్ను ఐపీఎల్‌లో ఎవరికి గుర్తుంది? సిడ్నీ గాయం తర్వాత అతను బంతి పట్టింది ముంబయి ఫ్రాంచైజీ కోసమే. తొలి నాలుగు మ్యాచ్‌లు పోయాయి. ఏప్రిల్ 7 నుంచి ఆ జట్టు ఆడిన 12 మ్యాచ్‌లూ వరసపెట్టి ఆడాడు. పన్నెండింటిలో ఏడే ఆడతాడని, ఆ ఏడు ఏవో ముందే చెబుతామని ఏ సెలెక్టరూ విలేకరుల ముందుకు రాలేదు. ఫిజియో నివేదిక అక్కడ బయటికి రాలేదు. పనిభారం అనే మాటే వినబడలేదు. దేశం తరఫున ఐదు టెస్టులు అనగానే అందరికీ గుర్తొచ్చింది.

పూటకు నాలుగు ఓవర్లేగా అంటారు. చిక్కంతా ఆ నాలుగు ఓవర్లలోనే ఉంది. రెండు నెలల పాటు నాలుగేసి ఓవర్లకు అలవాటుపడిన ఒళ్లు, ఆ వెంటనే రోజుకు ఇరవై ఓవర్లు వేయాలంటే ఎలా తట్టుకుంటుంది? పని ఎక్కువైనందుకే గాయాలు కావు, ఉన్నట్టుండి ఎక్కువైనా అవుతాయి. ఈ సంగతి బోర్డు జీతమిచ్చి పెట్టుకున్న నిపుణులకు తెలియనిది కాదు. ఐపీఎల్ ఫైనల్ జూన్ 3న అయింది. లీడ్స్‌లో తొలి బంతి పడింది జూన్ 20న. 2023లో మరీ అన్యాయం. మే 30 తెల్లవారుజామున ఐపీఎల్ ముగిస్తే, జూన్ 7న ఇదే ఓవల్‌లో ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్. 209 పరుగులతో ఓడాం. అప్పుడు కూడా తప్పు షెడ్యూల్‌ది అన్నారు. ఆ షెడ్యూల్‌లో ఐపీఎల్ తేదీలు వేసిందెవరు?

పనిభారం గురించి పాలమూరు వాళ్లకు ఎవరూ కొత్తగా పాఠం చెప్పక్కర్లేదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని, పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి, ఆలూమగలు ఏ రాష్ట్రంలోనో డ్యాం కట్టడానికి బస్సెక్కిన ఊళ్లు ఇవి. మట్టిపనిలో ఒకడు తట్ట దించితే ఆ మట్టి ఆవిరైపోదు. పక్కవాడి నెత్తికెక్కుతుంది. మేస్త్రీ ఇంత కొలత అని గీత గీశాక ఎవరో ఒకరు ఎత్తిపోయాల్సిందే. ఆ ఎత్తేవాడు సాధారణంగా నోరులేనివాడై ఉంటాడు.

ఇంగ్లండ్‌లో అచ్చం ఇదే జరిగింది. బుమ్రా దించిన తట్ట సిరాజ్ నెత్తికెక్కింది. సిరీస్ సగం దాటేసరికి ఆకాశ్‌దీప్‌కు గజ్జల్లో నొప్పి, అర్ష్‌దీప్ చేతికి గాయం. నాలుగో టెస్టుకు అన్షుల్ కాంబోజ్‌ను హుటాహుటిన ఇండియా నుంచి పిలిపించి అరంగేట్రం చేయించారు. మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ 669 పరుగులు చేసింది. ఒక వెన్నును కాపాడే పట్టిక చేతిలో ఉంది సరే, మిగతా వెన్నుల పట్టిక ఎక్కడ? సిరాజ్‌కు ఏ టెస్టులో విశ్రాంతి అని ఎవరైనా ముందే రాసిపెట్టారా?

సిరాజ్‌కు ఇది కొత్త కూడా కాదు. 2020 నవంబర్‌లో జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా ఆటో నడిపి తనను పెంచిన తండ్రి హైదరాబాద్‌లో కన్నుమూశాడు. ఇంటికి వెళ్లొచ్చన్నారు, అతను వెళ్లలేదు. సీనియర్ బౌలర్లు ఒకరి తర్వాత ఒకరు గాయపడి, బ్రిస్బేన్‌కు వచ్చేసరికి మూడో టెస్టు ఆడుతున్న ఈ కుర్రాడే పేస్ దళానికి పెద్దదిక్కయ్యాడు. అక్కడ ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు. ఇంత చేసినవాణ్ణి ఈ ఏడాది చాంపియన్స్ ట్రోఫీకి ఎంపిక చేయలేదు. అవసరమైతే 1,113 బంతులు, తీరిపోతే పక్కకు. నడిచే ఎద్దునే పొడుస్తారని మన రైతులు ఊరికే అనలేదు.

ఇక బోర్డు రెండు నాల్కల సంగతి. సీజన్‌లో నాలుగింట మూడొంతుల టెస్టులు ఆడినవాళ్లకు మ్యాచ్‌కు 15 లక్షల ఫీజు మీద మరో 45 లక్షల చొప్పున ఇస్తామని 2024 మార్చిలో ప్రకటించింది ఈ బోర్డే. టెస్టు క్రికెట్టే మాకు ప్రాణం అని అప్పుడు చెప్పుకొచ్చారు. ఆస్ట్రేలియాలో 1-3తో ఓడి వచ్చాక ఈ జనవరిలో పది సూత్రాలు రాసిందీ ఈ బోర్డే. దేశవాళీ ఆడి తీరాలన్నారు. 45 రోజులు దాటిన టూర్లలో కుటుంబం రెండు వారాలకు మించి ఉండకూడదన్నారు. ఆటగాడి భార్యాపిల్లలు హోటల్లో ఎన్ని రాత్రులు ఉండాలో లెక్కపెట్టగలిగిన బోర్డుకు, అదే ఆటగాడు ఐపీఎల్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడాలో లెక్కపెట్టడం చేతకాదా? చేతనవును. ఆ లెక్క పెడితే 48,390 కోట్లు పోసి ఐదేళ్ల ప్రసార హక్కులు కొన్నవాళ్లు అడుగుతారు, ఫ్రాంచైజీ యజమానులు అడుగుతారు. అందుకే ఆ పేజీ తెరవరు. టెస్టు చూసే జనం ఎవరిని అడగాలి? క్లాక్ టవర్ దగ్గర నిలబడి చూసిన పదిహేను మంది ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?

పాత టూర్ల సంగతి ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. 1971లో ఇదే ఓవల్‌లో ఇంగ్లండ్ గడ్డ మీద మనం తొలి టెస్టు గెలిచినప్పుడు విజయపు పరుగులు కొట్టింది హైదరాబాద్ సయ్యద్ అబిద్ అలీ. ఈ మార్చిలోనే ఆయన కాలం చేశారు. ఆ జట్టుతోనే వెళ్లిన మన హైదరాబాద్ పేసర్ దేవరాజ్ గోవిందరాజ్‌కు ఒక్క టెస్టూ దక్కలేదు. అయినా టెస్టుల మధ్య కౌంటీ జట్లతో మూడు రోజుల మ్యాచ్‌లు ఉండేవి, వాటిలో బంతులు వేశాడు. రిజర్వు బౌలర్లు అలా చేతులు ఆడించుకుని సిద్ధంగా ఉండేవాళ్లు, ప్రధాన బౌలర్‌కు నిజమైన విశ్రాంతి దొరికేది. ఆ మ్యాచ్‌లు ఇప్పుడు లేవు. ఈసారి సీనియర్ జట్టు టెస్టులకు ముందు ఆడుకున్నది బెకెన్‌హామ్‌లో తలుపులు మూసుకుని తమలో తాము ఆడుకున్న మ్యాచ్. సన్నాహక రోజులన్నీ ఎవరి ఖాతాలోకి పోయాయో క్యాలెండర్‌లో ఏప్రిల్, మే పేజీలు తిప్పితే తెలుస్తుంది. విశ్రాంతి ఇచ్చే దారులన్నీ మూసేసి, విశ్రాంతి పేరుతో టెస్టులు మానిపించడాన్ని ఏమనాలి?

ఈ గొడవంతా మన జిల్లాలకెందుకు అనుకునేవాళ్లు నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానానికో, పాలమూరు స్టేడియానికో పొద్దున్నే ఒకసారి వెళ్లి చూడండి. పన్నెండేళ్ల పిల్లాడు స్లో బాల్, వైడ్ యార్కర్ నేర్పమంటాడు. ఒకే చోట గంటసేపు బంతి వేయమంటే ముఖం ముడుచుకుంటాడు. తప్పు వాడిది కాదు. సంక్రాంతికి ఊళ్లలో పెట్టే కప్పులన్నీ పది, పన్నెండు ఓవర్లవే. రెండు రోజులో మూడు రోజులో లీగ్ మ్యాచ్ ఆడాలంటే వంద కిలోమీటర్లు బస్సెక్కి హైదరాబాద్ పోవాలి, అక్కడ ఏదో క్లబ్బు దయ చూపాలి. గద్వాల పిల్లాడికైతే ఆ దూరం దాదాపు రెట్టింపు. సిరాజ్‌ను తయారుచేసింది వేలంపాట కాదని ఈ పిల్లలకు ఎవరైనా చెప్పాలి. 2016-17 రంజీ సీజన్‌లో హైదరాబాద్‌కు 41 వికెట్లు తీశాకే ఐపీఎల్ వేలంలో అతని పేరు పలికింది. రోజుల తరబడి బంతి వేయడం ముందు, కోట్లు తర్వాత. బోర్డు ఇప్పుడు ఈ వరస తలకిందులు చేసి చూపిస్తోంది.

మా భయం ఇదే. ఈసారి నిజంగానే వెన్ను నొప్పి ఉన్న మేటి బౌలర్‌తో మొదలైంది కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు. వచ్చేసారి నొప్పి లేనివాడు అడుగుతాడు. మూడు ఆడతాను, ఏ మూడో నేను చెబుతాను అంటాడు. కాదనడానికి బోర్డుకు నోరుండదు, ఎందుకంటే దారి వేసింది బోర్డే. టెస్టును ఏరుకుని తినే వడ్డనగా, ఐపీఎల్‌ను తప్పనిసరి భోజనంగా మార్చేశాక క్రమశిక్షణ సూత్రాలు పది రాసినా వంద రాసినా ఎవరు ఖాతరు చేస్తారు? బుమ్రా లేని రెండు టెస్టులే గెలిచాం, అతను లేకున్నా నష్టమేముందనే వాదన కూడా అప్పుడే మొదలైంది. అది బుమ్రాకూ అన్యాయం, సిరాజ్‌కూ అన్యాయం. ఆరు పరుగులతో బయటపడిన మ్యాచ్‌ను చూపించి విధానం సరైనదేనని చంకలు గుద్దుకోవడం సిగ్గుచేటు.

2025 సెప్టెంబర్ 9న ఆసియా కప్, అదీ టీ20లే. దాని తర్వాత సొంతగడ్డ మీద వెస్టిండీస్‌తో రెండు టెస్టులు, దక్షిణాఫ్రికాతో రెండు. మళ్లీ మార్చి వస్తుంది, దానితో ఐపీఎల్ వస్తుంది. అప్పటిలోగా బోర్డు పది ఫ్రాంచైజీలకూ ఒక ఉత్తరం రాయాలి. మా కాంట్రాక్టులో ఉన్న ఏ పేస్ బౌలరైనా 14 లీగ్ మ్యాచ్‌ల్లో ఇన్నింటికి మించి ఆడడు, ఏవి ఆడతాడో మేమే చెబుతాం, టెస్టు టూర్‌కు నెల ముందు మా దగ్గరికి పంపాలి అని. ఆ ఉత్తరం మీద సంతకం చేసే ధైర్యం లేని పెద్దలు పనిభారం అనే మాట సిరాజ్ ముందు ఎత్తొద్దు. శాలువా కప్పి ఫొటో దిగడానికి వచ్చే ముందు, ఆ 1,113 బంతుల్లో ఎన్నింటి బరువు మీరు తగ్గించారో చెప్పి రండి.