కొల్లేటి జలగ, సెక్షన్ 29

కొల్లేరు అభయారణ్యంలో చట్టం అమలు కావడం లేదని వాపోయేవారెవరూ అక్కడ పట్టపగలు జరుగుతున్న ఒక ఘోరాన్ని ఇంతవరకు ప్రస్తావించకపోవడం విచారకరం. మోకాటిలోతు నీళ్లలో దిగి, గుర్రపుడెక్కను పక్కకు నెడుతూ చేపల కోసం పెట్టిన మావులు ఎత్తుకునే మత్స్యకారుడి పిక్కకు జలగ పడుతుంది. పట్టినప్పుడు గడ్డిపరకలా ఉన్నది కాసేపటికి బొటనవేలంత లావెక్కుతుంది. అతడు ఏమాత్రం సంకోచించకుండా రొండిన దోపుకున్న పొట్లం విప్పి దాని మీద ఉప్పు చల్లుతాడు. అది మెలికలు తిరిగి రాలిపోతుంది. సాక్షులుంటారు, నెత్తుటి మరక ఉంటుంది, మూడు గీతల గాటు ఉంటుంది. కేసు మాత్రం ఉండదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో జంతువంటే పులీ, గూడబాతూ మాత్రమే కాదు, వెన్నెముక లేని జీవులు కూడా. కాబట్టి 1999లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత, వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించిన చోట, ఏ పట్టా అడగకుండా అక్కడే కాపురముంటున్న జలగ కూడా రక్షణ పొందిన నివాసే. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి లేనిదే అభయారణ్యంలోని ప్రాణికి హాని చేయరాదని సెక్షన్ 29 చెబుతోంది.

అభయారణ్యంలోకి వచ్చే నీటిని ఆపరాదు, మళ్లించరాదు అన్న మాట కూడా అదే సెక్షన్‌లో ఉన్న సంగతి నిజమే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటికి చేపల చెరువుల గట్లు అడ్డం పడ్డాయని, 2006లో ప్రభుత్వమే వాటిని కొట్టించినా మళ్లీ లేచాయని గిట్టనివాళ్లు గుర్తుచేస్తుంటారు. అయితే గట్టు మీద చర్య తీసుకోవాలంటే సర్వే జరగాలి, హద్దురాళ్లు పాతాలి, మూడో కాంటూరా ఐదో కాంటూరా అన్నది తేలాలి, ఈలోగా ఫైలు కొల్లేటి చాంతాడంత కావాలి. ఉప్పు పొట్లానికి ఇవేవీ అక్కర్లేదు. ముద్దాయి అక్కడే, ఒంటికాలి మీద నిలబడి దొరుకుతాడు. గట్టు యజమాని అలా దొరకడం ఎక్కడైనా చూశామా?

పైగా జలగ కడుపు నిండగానే ఎవరూ చెప్పకుండానే వదిలేస్తుంది, ఆ తరువాత నెలల తరబడి మళ్లీ ఆకలి అనదు. కొల్లేటి నేలను పట్టుకున్నవారిలో ఇటువంటి నడవడిక ఇంకెవరికైనా ఉన్నదేమో ఒక సంఘం వేసి విచారించవచ్చు.

కనుక జలగ పట్టిన మత్స్యకారుడు నీళ్లలోంచి కదలకుండా, పట్టిన కాలు కుడిదో ఎడమదో స్పష్టంగా పేర్కొంటూ, మూడు ప్రతుల్లో దరఖాస్తు పంపుకోవాలని నా సూచన. జవాబు రావడానికి ముందే, ఏ అరగంటకో, జలగ తన పని ముగించుకుని దిగిపోతుంది కాబట్టి దరఖాస్తును పరిష్కారమైనట్టుగా నమోదు చేయవచ్చు. జలగ వదిలిన హిరుడిన్ అనే పదార్థం వల్ల నెత్తురు త్వరగా గడ్డకట్టదు. అందువల్ల తనిఖీకి వచ్చే సిబ్బంది మధ్యాహ్న భోజనం ముగించుకుని నింపాదిగా బయలుదేరినా, ఆధారం ఇంకా కారుతూనే ఉంటుంది.