ఆరు లైన్లే కదండీ!

జావా కోడ్‌ను మూటకట్టే జార్ ఫైళ్లకు క్రమశిక్షణ లేదన్నది నా నిశ్చితాభిప్రాయం. కోడ్ కోసం జావా వెతికే జార్ల వరస, అదే క్లాస్‌పాత్, అంటే పెళ్లివారి విడిది. ఎవరి పెట్టెలో ఎవరైనా చెయ్యి పెట్టొచ్చు. ఒకే పేరుతో ఇద్దరొస్తే, వరసలో ముందు కూర్చున్నవాడికే విస్తరి. ఇలాంటి కొంపకు గోడలు కట్టి, గదికో వాచ్‌మన్‌ను పెట్టి, రిజిస్టర్ రాయించే పద్ధతే ఓఎస్‌జీఐ. 1999లో మొదలైన ఈ ఉద్యమం తొలుత ఇళ్లలో పెట్టే గేట్‌వే పెట్టెల కోసం పుట్టింది. 2004లో ఎక్లిప్స్ 3.0 దాని మీదికి మారాక ప్రోగ్రామర్ల నెత్తికెక్కింది.

కాబట్టి ఒకాయన వచ్చి, "మీ క్లయింట్ లైబ్రరీని ఓఎస్‌జీఐ బండిల్ (ఆ పద్ధతికి సరిపడే జార్) చెయ్యండి, మానిఫెస్ట్‌లో (జార్ లోపలి వివరాల చీటీలో) ఆరు లైన్లే" అన్నప్పుడు కాదనే హక్కు నాకెక్కడిది? సర్వర్‌కి రిక్వెస్ట్ పంపి, వచ్చిన జేసన్ డేటా విప్పి చేతిలో పెట్టడం తప్ప నా లైబ్రరీకి మరో విద్య రాదు. అయినా పౌరుడన్నాక కాగితాలుండాలి.

పేరు, వెర్షన్, ఏ ప్యాకేజీలు (కోడ్ గుంపులు) బయటికిస్తాం, ఏవి తెచ్చుకుంటాం. అంతే. బీఎన్‌డీ అనే టూల్ నా కంపైలైన కోడ్ (బైట్‌కోడ్) చదివి ఆ జాబితా తనే రాసిపెట్టింది. అది చూశాకే తెలిసింది, మావాడు ఊళ్లో ఎవరెవరి దగ్గర చేబదుళ్లు తీసుకున్నాడో. అందులో ఒక ఆండ్రాయిడ్ ప్యాకేజీ కూడా ఉంది. సర్వర్లో ఆండ్రాయిడ్ ఎక్కడ దొరుకుతుంది? దాని పక్కన "ఆప్షనల్" అని రాశాను. ఏడో లైను.

తర్వాత, ఒక పని చేసిపెట్టే కోడ్‌ను జార్లలో వెతికిచ్చే జావా సర్వీస్ లోడర్ వంతు. ఇన్నాళ్లూ ఊరంతా తిరిగి పనివాణ్ణి వెతుక్కొచ్చేది. గోడలు లేచాక గుమ్మం దాటలేక కూలబడింది. దాన్ని చెయ్యి పట్టుకుని దాటించడానికి అపాచీ ఏరీస్ వాళ్ల ఎస్‌పీఐ ఫ్లై అని ఇంకొకటుంది. దానికీ రెండు లైన్లు.

అసలు ఆధ్యాత్మికానుభూతి ఆ తర్వాతది. "రెస్పాన్స్‌ను రెస్పాన్స్‌గా క్యాస్ట్ చేయలేము" అని ఎర్రర్ వచ్చింది. అంటే, ఈ రెస్పాన్స్ క్లాస్ ఆ రెస్పాన్స్ క్లాస్ కాదట. అదే పేరు, అదే ప్యాకేజీ, అక్షరం తేడా లేదు. కానీ క్లాసులను మెమరీలోకి తెచ్చేది క్లాస్‌లోడర్; ఒకటి ఈ క్లాస్‌లోడర్ కన్నది, ఇంకొకటి ఆ క్లాస్‌లోడర్ కన్నది. మనవాడే, ముక్కు కూడా అదే, అయినా వాచ్‌మన్ "ఈయన ఆయన కాదు సార్" అంటాడు. ఆ వారం అద్దంలో చూసుకోవాలన్నా నాకు టెన్షన్‌గా ఉండేది.

"ఇంటర్నల్" అని పేరున్న ప్యాకేజీని గోడ వెనక దాచాను. మర్నాడే ఒకరు లబోదిబోమన్నారు, దాన్నే వాడుకుంటున్నారట. ఎవరా అని చూస్తే ఆరు లైన్లు అడిగినాయనే.

ఇంతలో ఇంకొకరు, "జావాకి సొంత మాడ్యూళ్లున్నాయిగా, అవీ పెట్టండి" అన్నారు. నిజమే. 2017 మేలో జావా ప్రమాణాలను ఆమోదించే జేసీపీ కమిటీ 13-10 ఓట్లతో వద్దని, జూన్‌లో సరేనని, సెప్టెంబరులో జావా 9తో మన చేతిలో పెట్టిన గోడలు అవి. ఒకే గుమ్మానికి ఇద్దరు వాచ్‌మన్లు, రెండు రిజిస్టర్లు. ఉపాధి కల్పన దృష్టితో దీన్నీ స్వాగతిస్తున్నాను.

విడుదల చేశాక మొదటాయనకు కబురు పెట్టాను. "థాంక్సండీ, మేం ఓఎస్‌జీఐ వదిలేశాం. ఇప్పుడు అన్నీ కలిపి ఒకే ఫ్యాట్ జార్‌గా కట్టేస్తున్నాం" అన్నారు. ఆ కట్టడంలో మొట్టమొదట ఎగిరిపోయేది నా మానిఫెస్టే.

ఆ లైన్లు మాత్రం తియ్యలేదు. తీస్తే ఎక్కడ ఎవరి సర్వర్ ఆగుతుందో!